నెలసరి తప్పిన తేదీలు

“టెన్షన్ పడకమ్మా, అదే వస్తుందిలే.”

నెలసరి తప్పిందని చెప్పుకున్న అమ్మాయిలు ఈ మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. పెద్దమ్మ చెప్పి ఉంటుంది, హాస్టల్లో సీనియర్ చెప్పి ఉంటుంది, స్కానింగ్ రిపోర్టు తిరగేస్తూ డాక్టరమ్మ చెప్పి ఉంటుంది. పరీక్షల నెలలో ఆలస్యం కావడం, ఇంట్లో ఎవరో పోయినప్పుడు ముందే వచ్చేయడం, కొత్త ఊళ్లో ఉద్యోగంలో చేరాక రెండు మూడు నెలలు అసలు కనపడకపోవడం, ఇవన్నీ ఆడవాళ్లకి ఒకరు చెప్పాల్సిన సంగతులు కావు. మనసుకీ అండాశయానికీ మధ్య ఏదో దారి ఉందని సైన్సు ఒప్పుకోకముందే వాళ్లకి తెలుసు.

ఆ దారిని సైన్సు వెతుక్కున్న తీరు మాత్రం అంత మామూలు కథ కాదు. అందులో ఒక అధ్యాయం బెర్లిన్‌లో, ప్లోట్జెన్‌జే అనే జైలుకీ, నగర విశ్వవిద్యాలయంలోని అనాటమీ సంస్థకీ మధ్య నడిచింది. ఆ సంస్థ డైరెక్టరు 1952లో ఒక పుస్తకం వేశాడు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే ‘మనిషి జననాంగాల నిర్మాణం, పనితీరుల మీద నాడీవ్యవస్థ ప్రభావం’. లైబ్రరీలో ఎవరూ బయటికి తీయని పుస్తకాల వరసలో కలిసిపోయే పేరు. కానీ అందులోని వాదనకు ఆధారమైన అండాశయాలు చాలామటుకు మరణశిక్ష పడిన స్త్రీలవి. వాళ్లకి శిక్ష సంగతి ఎప్పుడు చెప్పారు, ఆ తర్వాత నెలసరి ఏమైంది, తల ఎప్పుడు తీశారు - ఈ తేదీలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి.

ఆయన పేరు హెర్మన్ స్టీవె.

*

స్టీవె దగ్గరికి వెళ్లేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ‘నాడులా, రసాయనాలా’ అనే గొడవ ఆయనతో మొదలైంది కాదు.

పంతొమ్మిదో శతాబ్దంలో నాడులదే రాజ్యం. 1860లలో బాన్ నగరంలో ఎడ్వర్డ్ ఫ్లూగర్ అనే శరీరశాస్త్రవేత్త నెలసరికి ఒక వివరణ ఇచ్చాడు. అండాశయంలో పెరుగుతున్న అండపు తిత్తి చుట్టూ ఉన్న నాడుల్ని నొక్కుతుంది, ఆ నొక్కుడు కొద్దికొద్దిగా పోగై వెన్నుపాముకి చేరుతుంది, ఒక హద్దు దాటాక అక్కడినుంచి తిరుగు సంకేతం వచ్చి గర్భాశయంలోకి రక్తం పొంగుతుంది. తుమ్ము ఎలా వస్తుందో నెలసరీ అలా వస్తుందన్నమాట. వినడానికి చక్కగానే ఉంది. దాని పక్కనే ఇంకో ఆలోచన కూడా తయారైంది: అండాశయానికి నాడులతో ఇంత దగ్గరి సంబంధం ఉంటే, ఆడవాళ్ల మూర్ఛలకీ తలనొప్పులకీ ‘పిచ్చి’కీ అండాశయమే కారణం ఎందుకు కాకూడదు?

1872 ఆగస్టులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, రోమ్ అనే చిన్న ఊళ్లో, రాబర్ట్ బాటీ అనే సర్జన్ ఒక యువతి అండాశయాలు రెండూ తీసేశాడు. వాటిలో కణితి ఉందని కాదు. ఆమె చాలా ఏళ్లుగా పడుతున్న బాధలకు మూలం అక్కడే ఉందని ఆయన నమ్మకం. ఆమె బతికింది. ఆపరేషన్‌కు బాటీ పేరు స్థిరపడింది. అదే ఏడాది జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హేగర్, ఇంగ్లండ్‌లో లాసన్ టెయిట్ ఇలాంటి ఆపరేషన్లే చేశారు. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో వేలమంది స్త్రీలు నరాల జబ్బుల పేరుతో అండాశయాలు పోగొట్టుకున్నారు. అప్పట్లోనే వ్యతిరేకించిన డాక్టర్లు లేకపోలేదు. అయినా కత్తి ఆగడానికి చాలా కాలం పట్టింది.

ఈలోపు ప్రయోగశాలల్లో ఫ్లూగర్ సిద్ధాంతానికి బీటలు పడుతున్నాయి. 1874లో ఫ్రీడ్రిష్ గోల్ట్స్ ఒక ఆడకుక్క వెన్నుపాముని నడుము దగ్గర తెంచాడు. నాడుల దారి తెగినా అది ఎదకు వచ్చింది, కట్టింది, పిల్లల్ని కన్నది. 1896లో వియన్నాలో ఎమిల్ క్నౌవర్ కుందేళ్ల అండాశయాల్ని ఊడదీసి పొట్టలోనే ఇంకోచోట అతికించాడు. పాత నాడులన్నీ తెగిపోయాయి. అయినా గర్భాశయం ముడుచుకుపోలేదు. నాడి లేకపోయినా పని జరుగుతోందంటే, కబురు రక్తంలో వెళుతోందన్నమాట. 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆ కబురుకి ‘హార్మోన్’ అనే పేరు వాడాడు.

అక్కడినుంచి గాలి పూర్తిగా అటు తిరిగింది. 1920లలో ఈ కొత్త విద్యకు పెద్ద కేంద్రాల్లో బెర్లిన్ ఒకటి. బెర్న్‌హార్డ్ జోండెక్, సెల్మార్ అష్‌హైమ్ అక్కడే పిట్యూటరీ గ్రంథి అండాశయాన్ని ఎలా నడిపిస్తుందో చూపించారు. గర్భిణి మూత్రాన్ని చిట్టెలుకకి ఎక్కించి గర్భాన్ని నిర్ధారించే మొదటి నమ్మకమైన పరీక్షను తయారుచేశారు. ఇద్దరూ యూదులు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఇద్దరికీ బెర్లిన్‌లో చోటు లేకుండా పోయింది. జోండెక్ స్టాక్‌హోమ్ మీదుగా జెరూసలేం చేరాడు, అష్‌హైమ్ పారిస్ వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత, 1935లో, బెర్లిన్ అనాటమీ సంస్థకు డైరెక్టరుగా స్టీవె వచ్చాడు.

*

స్టీవె 1886లో మ్యూనిక్‌లో పుట్టాడు. 35 ఏళ్లకే హాలె విశ్వవిద్యాలయంలో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యాడు. నాజీ పార్టీలో ఎప్పుడూ చేరలేదు. జాతీయవాది, పాతకాలపు కన్సర్వేటివ్. ఈ మనిషిని సినిమా విలన్‌లా ఊహించుకుంటే మనకి పని సులువవుతుంది కానీ, ఆయన అలాంటివాడు కాదు. శ్రద్ధగా పనిచేసే శాస్త్రవేత్త. చాలా ఏళ్లుగా ఒకే ప్రశ్న వెంట తిరుగుతున్నాడు: భయం, బెంగ అండాశయాన్ని ఏం చేస్తాయి?

మొదట కోళ్లతో చూశాడు. కోళ్లకి కనపడేలా బోనులో నక్కను పెట్టి, గుడ్లు పెట్టడం ఏమవుతుందో, లోపల అండాశయం ఎలా మారుతుందో గమనించాడు. బెదిరిన కోళ్ల అండాశయాలు కుంగిపోయాయి. మరి మనుషుల్లో? అక్కడే చిక్కొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న వయసులోని స్త్రీ అండాశయం, అదీ ప్రాణం పోయిన వెంటనే, అనాటమిస్టుకి దొరకడం చాలా అరుదు. ఆస్పత్రిలో పోయేవాళ్లు జబ్బుతో పోతారు. ప్రమాదంలో పోయినవాళ్ల నెలసరి వివరాలు ఎవరూ రాసిపెట్టరు.

మరణశిక్ష పడినవాళ్ల దేహాలు అనాటమీ కాలేజీలకు ఇవ్వడం యూరప్‌లో పాత అలవాటే. నాజీలు కొత్తగా చట్టం కనిపెట్టక్కర్లేకపోయింది. మారింది లెక్క. అంతకుముందు జర్మనీలో స్త్రీలకు మరణశిక్ష అమలు చేయడం చాలా అరుదు. 1933 నుంచి 1945 దాకా ఒక్క ప్లోట్జెన్‌జే జైల్లోనే 2,891 మందిని చంపారు. కరపత్రం పంచినందుకు, యూదుల్ని దాచినందుకు, యుద్ధం ఓడిపోతామని నోరుజారినందుకు, చిన్నచిన్న దొంగతనాలకు కూడా తలలు తెగాయి. వాళ్లలో స్త్రీలు, అందులోనూ పిల్లల్ని కనే వయసులోని స్త్రీలు, వందల్లో ఉన్నారు. ఆ దేహాలు వెళ్లే చోటు స్టీవె సంస్థ.

దేహాలతోపాటు సమాచారమూ వచ్చేది. ఆ స్త్రీకి పిల్లలున్నారా, నెలసరి ఎలా వచ్చేది, అరెస్టయ్యాక ఏమైంది, శిక్ష విన్నాక ఏమైంది. జైలు గోడల లోపల ఎవరో అడిగి రాసిన ఆ వివరాలు ఆయన వ్యాసాల్లో ‘ఇన్నేళ్ల స్త్రీ’ అన్న పరిచయం కింద కనిపిస్తాయి. పేరు ఉండదు. ఏ నేరం మోపారో ఉండదు. ఆమెకు ఈ సంగతి తెలుసా, ఒప్పుకుందా అనే ప్రశ్న అసలే ఉండదు.

స్త్రీల నెలసరిని బట్టి చంపే తేదీని కూడా ఆయనే పెట్టించేవాడని తర్వాత పుకార్లు వచ్చాయి. పరిశోధకులు ఆండ్రియాస్ వింకెల్‌మన్, ఉడో షాగెన్ కాగితాలన్నీ తిరగేసి, దానికి ఆధారం లేదని 2009లో రాశారు. ఆ మాట ఇక్కడ చెప్పడం అవసరం. ఎందుకంటే స్టీవె చేసింది అర్థం కావడానికి పుకార్ల సాయం అక్కర్లేదు. చంపమని ఆయన చెప్పలేదు. చంపుతారని తెలిసి, సంచీ పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడు.

*

ఆ పేరులేని స్త్రీలలో కొందరి పేర్లు మనకి తెలుసు.

మిల్డ్రెడ్ హార్నాక్ అమెరికాలోని మిల్వాకీలో పుట్టింది. సాహిత్యం చదివి, జర్మన్ భర్త ఆర్విడ్‌తో బెర్లిన్ వచ్చింది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యం బోధించింది, అనువాదాలు చేసింది. హిట్లర్ వచ్చాక భార్యాభర్తలిద్దరూ రహస్య ప్రతిఘటనలోకి దిగారు. గెస్టాపో వాళ్ల బృందానికి ‘రెడ్ ఆర్కెస్ట్రా’ అని పేరు పెట్టింది. 1942లో పట్టుబడ్డారు. మిల్డ్రెడ్‌కి కోర్టు మొదట ఆరేళ్ల జైలుశిక్ష వేసింది. హిట్లర్ ఒప్పుకోలేదు. మళ్లీ విచారించి మరణశిక్ష వేశారు. జైలు గదిలో ఆమె గోథే కవితల్ని ఇంగ్లీషులోకి మారుస్తూ కూర్చుంది. 1943 ఫిబ్రవరి 16న గిలటిన్ కింద తల తీశారు. తను పాఠం చెప్పిన విశ్వవిద్యాలయానికే, మరో భవనంలోకి, ఆమె దేహం చేరింది.

లిబెర్టాస్ షుల్జె-బోయ్‌జెన్‌కి అప్పుడు 29 ఏళ్లు. సినిమా రంగంలో పనిచేసేది. ఆమెనీ, భర్త హారోనీ, ఆర్విడ్ హార్నాక్‌నీ 1942 డిసెంబర్ 22న, క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు, చంపారు. తల్లికి రాసిన చివరి ఉత్తరంలో లిబెర్టాస్ తన దేహాన్ని ఆమెకే అప్పగించమని అడిగానని, మంచి చోట, ప్రకృతి మధ్యలో పూడ్చమని కోరింది. తల్లికి దేహం దక్కలేదు.

ఆ రాత్రి అనాటమీ సంస్థలో షార్లొటె పొమ్మర్ అనే యువ డాక్టరు ఉంది. చదువు పూర్తిచేసి స్టీవె దగ్గర అసిస్టెంటుగా చేరి ఎంతో కాలం కాలేదు. బల్లల మీదికి వచ్చిన దేహాలు ఆమె గుర్తుపట్టింది. వాళ్లు తనకి తెలిసిన మనుషులు. ఆ పని ఇక చేయలేనని స్టీవెకి చెప్పి వెళ్లిపోయింది. తర్వాత ప్రతిఘటనలో ఉన్నవాళ్లకు సాయపడి, యుద్ధం చివర్లో తానూ జైలుపాలైంది. నాజీ కాలపు జర్మన్ అనాటమిస్టుల గురించి ఏళ్ల తరబడి పనిచేసిన సబీనె హిల్డెబ్రాంట్ అనే పరిశోధకురాలికి, ఈ కారణంగా ఆ వృత్తినే వదిలేసినట్టు కనిపించిన మనిషి పొమ్మర్ ఒక్కతే.

ఈ ఒక్క ఉదాహరణ నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ‘ఆ రోజుల్లో అందరూ అంతే, ఎవరికీ తప్పుగా అనిపించలేదు’ అని మనం తరచూ అంటూ ఉంటాం. అదే గదిలో, అదే రాత్రి, అప్పుడే ఉద్యోగంలో కుదురుకుంటున్న ఒకమ్మాయికి అనిపించింది.

*

ఇంతకీ స్టీవె ఏం కనుక్కున్నాడు?

మూడు సంగతులు చెప్పాడు. నెలల తరబడి చావుభయంతో బతికిన స్త్రీలలో అండాశయాలు క్షీణిస్తాయి, నెలసరి ఆగిపోతుంది. కొందరిలో అండం రావాల్సిన రోజున కాకుండా వేరే రోజుల్లో విడుదలవుతుంది. ఇంకొందరిలో శిక్ష విన్న వెంటనే రక్తస్రావం అవుతుంది. అది నెలసరి కాదు, ఆయన దానికి ‘బెదురు రక్తస్రావం’ అనే అర్థం వచ్చే జర్మన్ మాట వాడాడు. దీన్నిబట్టి, నెలలో ‘సురక్షిత రోజులు’ లెక్కపెట్టుకుంటే గర్భం రాదన్న ఒగినో, క్నౌస్‌ల పద్ధతిని నమ్మడానికి లేదని వాదించాడు. ఆ వాదన ఆయనకి యుద్ధం తర్వాత కూడా పేరు తెచ్చింది.

ఇందులో పూర్తి అబద్ధమేమీ లేదు. అయితే సైన్సుగా చూసినా ఇది బలహీనమైన పని. ఆ స్త్రీలకి భయం ఒక్కటే కాదు, ఆకలీ ఉంది, చలీ ఉంది, నిద్రలేదు, కొందరికి జబ్బులున్నాయి. ఏది దేనికి కారణమో విడదీసే దారి లేదు. పోల్చి చూసుకోవడానికి అవతలి గుంపు లేదు. ఒక్కో దేహం ఒక్కో రోజు దగ్గర ఆగిపోయిన గడియారం. అంతకుముందు అది ఎలా నడిచిందో, తర్వాత ఎలా నడిచేదో చెప్పదు. అన్నిటికన్నా ముఖ్యంగా, నాడి ఏ దారిన అండాశయాన్ని చేరుతోందో ఈ పద్ధతిలో ఎప్పటికీ తెలియదు.

ఇక నెలసరి ఆగుతుందన్న సంగతికైతే అండాశయాలు కోసి చూడాల్సిన పనే లేదు. మొదటి ప్రపంచయుద్ధంలోనే జర్మన్ డాక్టర్లకి అది తెలుసు, దానికి ‘యుద్ధకాలపు’ అని ముందు చేర్చి ఒక పేరే పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో జపాన్ సైన్యం హాంకాంగ్‌ని పట్టుకుని, అక్కడి విదేశీయుల్ని స్టాన్లీ అనేచోట శిబిరంలో పెట్టింది. ఆ ఖైదీల్లో ఆనీ సిడెన్‌హమ్ అనే డాక్టరు ఉంది. తోటి స్త్రీలలో ఎవరికి నెలసరి ఆగిందో గమనించి, ఆ లెక్కల్ని 1946లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. తనూ అదే కంచెలో ఉంది, అదే తిండి తింది. స్టీవె చూపించాననుకున్నదానిలో మొదటి భాగం, బతికున్న మనుషుల్ని అడిగితే తెలిసింది.

*

దారి ఎక్కడుందన్న ప్రశ్నకి జవాబు వేరేచోట తయారవుతోంది.

1930లో లండన్‌లో గ్రిగొరె పోపా అనే రొమేనియా శాస్త్రవేత్త, ఊనా ఫీల్డింగ్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కలిసి మెదడు అడుగుభాగానికీ పిట్యూటరీకీ మధ్య సన్నని రక్తనాళాల వల ఒకటి ఉందని చూపించారు. రక్తం అందులో కిందినుంచి పైకి, మెదడువైపు వెళ్తుందనుకున్నారు. అది పొరపాటని, రక్తం మెదడునుంచి కిందికి దిగుతుందని తర్వాతివాళ్లు తేల్చారు. ఇంగ్లండ్‌లో జెఫ్రీ హారిస్ అనే కుర్రవాడు ఆ వలని పట్టుకున్నాడు. 1937లో కుందేలు మెదడులోని హైపోథాలమస్‌కి సన్నని విద్యుత్తు తగిలించి అండం విడుదలయ్యేలా చేశాడు. అంటే ఆజ్ఞ మెదడు నుంచే. కానీ పిట్యూటరీ ముందుభాగంలోకి చెప్పుకోదగ్గ నాడులేవీ వెళ్లవే! మరి ఆజ్ఞ ఎలా వెళ్తోంది?

దీనికి జవాబిచ్చిన ప్రయోగంలో హారిస్‌కి తోడు డోరా జాకబ్‌సన్. జర్మనీలో వైద్యం చదివిన యూదు యువతి. నాజీల వల్ల దేశం వదిలి స్వీడన్‌లోని లుండ్‌లో స్థిరపడింది. ఇద్దరూ కలిసి ఎలుకల పిట్యూటరీని తీసేసి, దాని స్థానంలో వేరే పిట్యూటరీని అతికించారు. హైపోథాలమస్ కింద, ఆ రక్తనాళాలు అందేచోట అతికించిన ఎలుకలకి ఎద తిరిగి వచ్చింది. మెదడులో మరోచోట అతికించినవాటికి రాలేదు. ఇది 1952లో అచ్చయింది. స్టీవె పుస్తకం వచ్చిందీ అదే ఏడాది, ఆయన చనిపోయిందీ అదే ఏడాది.

కాబట్టి ‘నాడులా, రసాయనాలా’ అన్న పాత గొడవలో ఇద్దరూ గెలిచారు. నాడీకణమే రసాయనాన్ని రక్తంలోకి వదులుతుంది. 1971లో ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ బృందాలు, లక్షలకొద్దీ పందుల, గొర్రెల మెదళ్ల ముక్కలు నూరి, ఆ రసాయనాన్ని పట్టుకున్నాయి. కేవలం పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అదే జీఎన్‌ఆర్‌హెచ్. హారిస్ ఆ ఏడాది నవంబర్లోనే పోయాడు. 1977 నోబెల్‌లో షాలీ, గిల్లెమిన్ భాగం పంచుకున్నారు.

అందమైన మలుపు ఇంకా మిగిలే ఉంది. 1978లో అమెరికాలో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం కోతులకి ఈ రసాయనాన్ని ఆపకుండా ఎక్కించి చూసింది. పిట్యూటరీ మూగబోయింది. గంటకోసారి కొంచెం కొంచెంగా ఇచ్చారు. మళ్లీ పలికింది. అంటే ఎంత అన్నదొక్కటే కాదు, ఎంతసేపటికి అన్నది కూడా ముఖ్యమే. వాయిద్యం కన్నా తాళమే ప్రధానమన్నట్టు. మన మెదడులో ఈ పని చేసే కణాలు ఓ రెండు వేలకు మించవు. గర్భంలో పిండంగా ఉన్నప్పుడు అవి ముక్కు దగ్గర పుట్టి, నడుచుకుంటూ మెదడులోకి చేరతాయి. వాటిని తట్టి లేపే ప్రొటీన్ పేరు కిస్‌పెప్టిన్. దాని జన్యువు హెర్షీ అనే ఊళ్లో దొరికింది కాబట్టి, ఆ ఊరి చాక్లెట్ పేరు పెట్టారు. అది లేనిదే యవ్వనం రాదని 2003లో తెలిసింది.

ఇప్పుడు ఆ హాస్టల్ అమ్మాయి దగ్గరికి రావచ్చు. తిండి తగ్గి, పరుగు పెరిగి, లోపల బెంగ ఉన్నప్పుడు మెదడు ఈ తాళాన్ని నెమ్మదింపజేస్తుంది. గంటా గంటన్నరకోసారి పడాల్సిన దెబ్బ ఆలస్యంగా పడుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. అండం పెరగదు, నెలసరి రాదు. ‘టెన్షన్ వల్ల’ అన్న మాటకి అసలైన అర్థం ఇది. ఆమెకి కావలసింది మందలింపు కాదు. తిండి, నిద్ర, భద్రత.

కానీ అదే మాట పీసీఓడీ ఉన్న అమ్మాయికి చెప్తే లెక్క తప్పుతుంది. అక్కడ తాళం నెమ్మదించదు, చాలామందిలో వేగం పెరుగుతుంది. దాంతో పిట్యూటరీ ఎల్‌హెచ్‌ని ఎక్కువ వదులుతుంది, అండాశయం మగ హార్మోన్లు ఎక్కువ చేస్తుంది, ఇన్సులిన్ దానికి ఆజ్యం పోస్తుంది. 1935లో షికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే డాక్టర్లు ఏడుగురు స్త్రీల గురించి రాసినప్పుడు ఇదంతా తెలియదు. అండాశయంలోంచి పెద్ద ముక్క కోసి తీసేశారు. ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చిందో వాళ్లకి తెలియలేదు.

నాడులు అక్కడ కూడా ఉన్నాయేమో అన్న అనుమానం 1990లలో మళ్లీ లేచింది. అండాశయంలోకి నేరుగా వెళ్లే నాడులున్నాయి. చిలీకి చెందిన హెర్నాన్ లారా, సెర్జియో ఒహెడా తదితరులు, అండాశయంలో నీటితిత్తులు వచ్చేలా చేసిన ఎలుకల్లో ఆ నాడులు మామూలుకన్నా చురుగ్గా ఉన్నాయని, వాటిని తెంచితే అండం విడుదల తిరిగి మొదలైందని 1993లో చూపించారు. 2008లో స్వీడన్‌లో పీసీఓడీ ఉన్న స్త్రీల సింపథెటిక్ నాడుల్లో సన్నని సూదులు పెట్టి విన్నారు. వాటి చప్పుడు ఎక్కువగానే ఉంది. అక్కడినుంచి ఆక్యుపంక్చర్‌తో ఆ నాడుల్ని నెమ్మదింపజేయొచ్చన్న ఆశ పుట్టింది. చైనాలో వెయ్యిమంది స్త్రీలతో పెద్ద పరీక్ష చేశారు. 2017లో ఫలితం వచ్చింది: పిల్లలు పుట్టడంలో ఆక్యుపంక్చర్ వల్ల తేడా ఏమీ రాలేదు. వెయ్యిమంది ఒప్పుకుని, సంతకాలు పెట్టి, కొందరికి నిజం సూదులు, కొందరికి ఉత్తుత్తి సూదులు పడితే తేలిన సంగతి ఇది. కాదన్న జవాబు కూడా గౌరవంగా సంపాదించుకోవచ్చు.

*

స్టీవెకి ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. యుద్ధం ముగిశాక కూడా ఆ కుర్చీలోనే ఉన్నాడు. బెర్లిన్ తూర్పు భాగం కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. ఆయన దగ్గరికి చేరిన దేహాల్లో కమ్యూనిస్టులవీ ఉన్నాయి. అయినా కొత్త ప్రభుత్వానికి అనాటమీ ప్రొఫెసర్లు కావాలి. విచారణ జరగలేదు. అత్యంత విషాదంలోంచి కూడా శాస్త్రానికి పనికొచ్చేది తీయడమే తను చేశానని ఆయన చెప్పుకున్నాడు.

అయితే 1946లో ఒక పని చేశాడు. తన దగ్గరికి వచ్చిన దేహాల పేర్లు గుర్తుచేసుకుని ఒక జాబితా రాశాడు. 182 పేర్లు. అందులో 174 స్త్రీలవి. వ్యాసాల్లో వయసుగా, తేదీగా మాత్రమే మిగిలినవాళ్లు ఆ కాగితం మీద మళ్లీ పేర్లతో కనిపిస్తారు. అంటే ఆయనకి ఆ పేర్లు మొదటినుంచీ తెలుసు.

2016లో స్టీవె వారసులకి ఇంట్లో చిన్న పెట్టెలు దొరికాయి. లోపల సుమారు 300 గాజు స్లయిడ్లు. ఒక్కోదానిమీద సెంటీమీటరంత కణజాలపు పొర. కొన్నిటిమీద పేర్లున్నాయి. వాళ్లు వాటిని బెర్లిన్‌లోని ప్రతిఘటన స్మారక కేంద్రానికి అప్పగించారు. వింకెల్‌మన్ ఒక్కొక్కటీ చూసి, ఎవరివో తెలిసినంతవరకు తేల్చాడు. మామూలుగా స్లయిడ్లు పూడ్చిపెట్టరు. కానీ వీళ్లలో చాలామందికి సమాధి లేదు. మిల్డ్రెడ్ హార్నాక్ అస్థికలు ఒక పరిచయస్తుల ద్వారా శ్మశానానికి చేరాయి. అలాంటి అదృష్టం దాదాపు ఎవరికీ పట్టలేదు.

2019 మే 13న ఆ గాజు ముక్కల్ని ఒక పెట్టెలో పెట్టి డొరొటేయన్‌స్టట్ శ్మశానంలో పూడ్చారు. హెగెల్, బ్రెష్ట్ పడుకున్న చోటు అది. ఫాదరీ, రబ్బీ కూడా వచ్చారు. చంపబడినవాళ్ల కుటుంబాల నుంచి కూడా వచ్చారు, ఎవరో మేనకోడలు, ఎవరో మనవడు.

స్టీవె చెప్పినదాంట్లో నిజమున్న భాగాన్ని ఇప్పుడు వాడుకోవచ్చా కూడదా అని వైద్యనీతి తరగతుల్లో చర్చిస్తారు. ఆ చర్చ కంటే నన్ను ఎక్కువ పట్టి లాగేది ఇంకోటి. ఇవాళ కూడా నెలసరి తేదీలు ఎవరికో వెళ్తూనే ఉన్నాయి. ఫోన్లో యాప్‌కి, కంపెనీ హెల్త్ ఫారానికి, క్లినిక్ కంప్యూటర్‌కి. చాలాసార్లు మనమే చెప్తాం, చెప్పక తప్పదు కూడా. ఆ ప్లోట్జెన్‌జే గదుల్లో నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగిన మనిషికి జవాబు చెప్పిన స్త్రీలు ఏమనుకుని ఉంటారు? ఆరోగ్యం గురించి అడుగుతున్నారనుకుని ఉండొచ్చు. ఎవరో పట్టించుకుంటున్నారని ఓ క్షణం అనిపించి కూడా ఉండొచ్చు.

ఆ తేదీలు అచ్చులో ఉన్నాయి. ఆ క్షణం గురించి ఎక్కడా లేదు.